స్పీడు ఉంది, బొమ్మ రాదు: వైఫై మెష్‌లో మల్టీకాస్ట్ ఎక్కడ చిక్కుకుంటుంది

బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవ. మాడ వీధుల గ్యాలరీల్లో చోటు దొరకనివాళ్ళు, చంకలో పిల్లలతో ఆ తోపులాటలోకి వెళ్ళే ధైర్యం లేనివాళ్ళు కింద తిరుపతిలో లాడ్జి గదిలోనే కూర్చుని ఎస్వీబీసీ పెట్టుకుంటారు. లాడ్జిలో టీవీలన్నిటిలో ఒకే ఛానల్, ఒకే క్షణం. నెట్‌వర్క్‌కు ఇంతకంటే సులువైన పని ఉండకూడదు. ఒక్కసారి పంపితే చాలు, కావలసినవాళ్ళంతా అందుకుంటారు. మల్టీకాస్ట్ పుట్టిందే ఇందుకు. కానీ టీవీలు వైఫై మెష్ మీద, అంటే ఒకదాని నుంచి ఒకటి గాలిలోనే అందుకుని ముందుకు పంపే చిన్న రూటర్ల (నోడ్‌ల) మీద నడిచే చోట సరిగ్గా ఆ రాత్రే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది, మాట తెగిపోతుంది.

ఇలాంటి పనుల మీద వెళ్ళినప్పుడు లాడ్జి వాళ్ళు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "నెట్ స్పీడంతా బాగానే ఉండాది సార్, ఫోన్లో చూస్తే వంద చూపిస్తా ఉండాది. టీవీ మాత్రం నిలబడి నిలబడి వస్తా ఉండాది." ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఫోన్లో కొలిచింది రిసెప్షన్ బల్ల దగ్గర, పక్కనే ఉన్న రూటర్‌తో, 5 గిగాహెర్ట్జ్ మీద, యూనికాస్ట్‌లో, అంటే ఒక్కరికే విడిగా పంపే పద్ధతిలో. టీవీలకు పోయేది మూడంతస్తుల పైకి, వేరే వైఫై ఛానల్ మీద, మల్టీకాస్ట్‌లో. రెండూ వైఫైయే అయినా, వైఫై ఈ రెండింటినీ ఒకేలా చూడదు. స్పీడ్ టెస్టులో ఎంత పెద్ద అంకె వచ్చినా అది మల్టీకాస్ట్ గురించి ఏమీ చెప్పదు. ఇంటర్నెట్ ప్లాను 100 నుంచి 300కు మార్చినా టీవీలో తేడా రాదు, ఎందుకంటే ఆ వీడియో ఇంటర్నెట్ నుంచి రావడమే లేదు. మేడ మీది డిష్ నుంచి రిసెప్షన్ వెనక గదిలోని పెట్టెలోకి వచ్చి, అక్కడ ఐపీ ప్యాకెట్లుగా మారి, లాడ్జి లోపలే తిరుగుతోంది.

రైల్వే స్టేషన్ చుట్టుపక్కల, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు సందుల్లో మూడు నాలుగు అంతస్తుల పాత లాడ్జీలు చాలా ఉన్నాయి. నడవాలకు గ్రానైట్ అంటించాక గోడలు తొలిచి ల్యాన్ కేబుల్ లాగడం యజమానికి ఇష్టం ఉండదు. అంతస్తుకో మెష్ నోడ్ గోడకు తగిలిస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ఫోన్లకు అది నిజంగానే సరిపోతుంది. తంటా అంతా టీవీలతోనే.

గాలిలో ఒక సెకను ఎంత

రూటర్ మీ ఫోన్‌కు ఒక ప్యాకెట్ పంపితే, అందిందని ఫోన్ తక్షణం బదులిస్తుంది. బదులు రాకపోతే రూటర్ మళ్ళీ పంపుతుంది, మామూలుగా ఏడు సార్ల దాకా. ఆ బదుళ్ళను చూసే ఈ ఫోన్ ఎంత వేగాన్ని తట్టుకోగలదో అంచనా కట్టి, 300, 400 ఎంబీపీఎస్ దాకా వేగం పెంచుకుంటూ పోతుంది. మల్టీకాస్ట్‌లో ఈ ఏర్పాటు మొత్తం లేదు. వినేవాళ్ళు పదిమందో యాభైమందో తెలియదు కాబట్టి బదులు అడగడం కుదరదు. బదులు లేదు కాబట్టి పోయిన ప్యాకెట్ పోయినట్టే. ఎవరు ఎంత దూరాన ఉన్నారో తెలియదు కాబట్టి అందరికీ అర్థమయ్యే కనిష్ఠ వేగంలోనే పంపాలి. ఆర్టీసీ బస్టాండులో మైకు ముందు కూర్చున్నాయన చేసేదీ ఇదే. ప్లాట్‌ఫారం చివరన ఉన్న ముసలమ్మకు కూడా వినపడాలని మాటమాటా సాగదీసి చెబుతాడు. విన్నామని ఎవరూ చెయ్యెత్తరు. ఆయన చెప్పినంతసేపూ మిగతావాళ్ళ మాటలు ఒకరికొకరికి వినపడవు.

ఆ కనిష్ఠ వేగం ఎంతంటే, ఎవరూ సెట్టింగులు ముట్టుకోని రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద సాధారణంగా 1 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్ మీద 6 ఎంబీపీఎస్. రూటర్ అట్టపెట్టె మీద ఎన్ని వేలు అచ్చువేసినా మల్టీకాస్ట్‌కు దక్కేది ఇదే.

దీన్ని ఒక్క ఛానల్‌కు లెక్కకట్టి చూడాలి. హెచ్‌డీ ఛానల్ 5 ఎంబీపీఎస్ అనుకుందాం. ఐపీటీవీలో వీడియోను 188 బైట్ల ముక్కలుగా చేసి, ఏడేసి ముక్కలు ఒక ప్యాకెట్‌లో పెట్టడం వాడుక. అంటే ప్యాకెట్‌లో 1,316 బైట్ల వీడియో, సెకనుకు 475 ప్యాకెట్లు. హెడర్లన్నీ (చిరునామా వగైరా వివరాలు) చేరాక ఒక్కోటీ 1,400 బైట్లు అవుతుంది. 6 ఎంబీపీఎస్ వేగంలో అంత ప్యాకెట్ గాలిలో ఉండే సమయం 1.9 మిల్లీసెకన్లు. గాలి ఖాళీ అయ్యేదాకా చూసే చిన్న విరామం కూడా కలిపితే 2. వాటిని 475తో గుణిస్తే 950 మిల్లీసెకన్లు. సెకనులో 950 మిల్లీసెకన్లను ఒక్క టీవీ ఛానలే ఆక్రమించింది. మిగిలిన 50లో ఆ అంతస్తు ఫోన్లన్నీ సర్దుకోవాలి. రెండో ఛానల్ పెట్టడానికి చోటే లేదు. 2.4 గిగాహెర్ట్జ్ మీద 1 ఎంబీపీఎస్‌లో అయితే ఒక్కో ప్యాకెట్‌కు దాదాపు 12 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 85 ప్యాకెట్లు పోతే గొప్ప, కావలసినవేమో 475. బొమ్మ ఆగుతోందని కాదు, అసలు కనిపించడమే ఆశ్చర్యం.

ఈ రంగంలో గందరగోళమంతా ఎంబీపీఎస్‌లో ఆలోచించడం వల్ల వచ్చిందేనని నా అభిప్రాయం. వైఫైలో ఖర్చయ్యేది గాలిలోని సమయం. దాన్నే ఎయిర్‌టైమ్ అంటారు. అదే 5 ఎంబీపీఎస్ వీడియో 300 ఎంబీపీఎస్ లింకు మీద యూనికాస్ట్‌గా పోతే సెకనులో 30 మిల్లీసెకన్లతో సరిపోతుంది. మోసే సరుకు మారలేదు, ఖర్చు మాత్రం ముప్పై రెట్లు పెరిగింది.

ఐపీ మల్టీకాస్ట్‌ను రూపొందించిన స్టీఫెన్ డీరింగ్ 1989లో దాని ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1112 రాసినప్పుడు ఆయన ముందున్నది ఈథర్నెట్ కేబుల్. అందులో ఒకరికి పంపినా వందమందికి పంపినా వేగం ఒకటే, ఖర్చు ఒకటే. రేడియోలో కూడా ఒకరు పలికితే అందరికీ వినపడుతుంది కదా, మల్టీకాస్ట్‌కు అంతకంటే అనువైనది ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగింది దానికి తలకిందులు. చివరికి 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9119 వచ్చింది. వైర్‌లెస్ మీద మల్టీకాస్ట్ ఎందుకు ఇబ్బంది పెడుతుందో చెప్పడానికే ఆ పత్రం మొత్తం కేటాయించారు.

మెష్ చేరితే

ఇంతవరకు చెప్పింది ఒక్క రూటర్ ఉన్నప్పటి సంగతి. మెష్‌లో మల్టీకాస్ట్ ప్యాకెట్‌ను అందుకున్న ప్రతి నోడూ తిరిగి పలుకుతుంది, తర్వాతి నోడ్‌కు అందాలి కాబట్టి. 802.11ఎస్ అనే వైఫై మెష్ ప్రమాణంలో ఒకే ప్యాకెట్ రెండోసారి వస్తే వరుస సంఖ్య చూసి పారేస్తారు, గొలుసు ఎక్కడో ఒకచోట ఆగేందుకు టీటీఎల్ (ఎన్ని అంచెలు దాటవచ్చో చెప్పే అంకె) ఉంటుంది. అయినా ఎవరికి కావాలో చూడకుండా అన్ని నోడ్‌లూ కనీసం ఒక్కసారైనా పలుకుతాయి. నాలుగు నోడ్‌లు ఒకే వైఫై ఛానల్‌లో, ఒకదానికొకటి వినపడేంత దగ్గర్లో ఉంటే నలుగురూ వంతులు వేసుకోవాల్సిందే. ఆ తర్వాత ప్రతి నోడూ తన అంతస్తు టీవీల కోసం యాక్సెస్ పాయింట్ (టీవీలు, ఫోన్లు కలిసే వైపు) మీద మళ్ళీ పలకాలి. నోడ్‌కు రేడియో ఒక్కటే అయితే అదీ అదే ఛానల్‌లో. ఒక ప్యాకెట్ గాలిలోకి ఎనిమిది సార్లు ఎక్కింది.

ఇక్కడే చాలామంది మల్టీకాస్ట్ వేగాన్ని 24 ఎంబీపీఎస్‌కు పెంచి, సమస్య తీరిందని లేచిపోతారు. పెంచడం మంచిదే. ప్యాకెట్‌కు 0.6 మిల్లీసెకను, సెకనుకు 280. ఒక్క రూటర్‌కు అది హాయి. నాలుగు నోడ్‌లు ఒకే ఛానల్‌లో ఒక్కసారి చొప్పున పలికినా 1,120 మిల్లీసెకన్లు అవుతుంది. సెకనులో అన్ని మిల్లీసెకన్లు లేవు.

బ్యాట్‌మ్యాన్ అడ్వాన్స్‌డ్ అనే మెష్ సాఫ్ట్‌వేర్ వాడే చోట ఇంకో మెలిక ఉంది. అది వైర్‌లెస్ మీద ప్రతి బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఉద్దేశించిన) ప్యాకెట్‌నూ మూడేసి సార్లు పంపుతుంది. తెలియనివాళ్ళకు ఇది దుబారాగా కనిపిస్తుంది, కానీ దానికి కారణం ఉంది. గోడలు, ఇనుప గ్రిల్స్ మధ్య ఒక్కో అంచెలో నూటికి పది ప్యాకెట్లు పోతున్నాయనుకోండి. యూనికాస్ట్ ఏడు ప్రయత్నాలు చేస్తుంది కాబట్టి ఆ పది శాతాన్ని మీరు గమనించను కూడా గమనించరు. మల్టీకాస్ట్‌కు రెండో ప్రయత్నం లేదు. మూడు అంచెలు దాటేసరికి మిగిలేది 0.9 ఇంటూ 0.9 ఇంటూ 0.9, అంటే 73 శాతం. పై అంతస్తు టీవీకి నూటికి 27 ప్యాకెట్లు రావు. వీడియోలో నూటికి ఒక్కటి పోయినా గళ్ళు కనిపిస్తాయి. ప్రతి అంచెలో మూడుసార్లు పంపితే నష్టం వెయ్యికి ఒకటికి దిగుతుంది. ఏ ఐపీ అడ్రసు ఏ యంత్రానిదని అడిగే ఏఆర్‌పీ ప్రశ్నల్లాంటివాటిని కాపాడుకోవడానికి ఇది తెలివైన ఏర్పాటే. సెకనుకు 475 వీడియో ప్యాకెట్లకు కూడా ఇదే వర్తించినప్పుడు మెష్ మొత్తం కుప్పకూలుతుంది.

బ్యాట్‌మ్యాన్ కొత్త రూపాల్లో దీనికి విరుగుడు ఉంది. ఒక మల్టీకాస్ట్ గ్రూపు (ఇక్కడ ఒక టీవీ ఛానల్) ఏయే నోడ్‌ల వెనక కావాలో తెలిస్తే, ఆ నోడ్‌ల సంఖ్య 16 దాటనంతవరకు వాటికి విడివిడిగా యూనికాస్ట్‌లోనే పంపేస్తుంది. లాడ్జిలో నాలుగు నోడ్‌లే కాబట్టి ఇది చక్కగా అతుకుతుంది. కానీ "తెలిస్తే" అన్న చోట ఓ పెద్ద గొయ్యి ఉంది, దాని సంగతి కొంచెం ఆగి. ఇక డబ్బాలో మూడు కలిపి వచ్చే ఇంటి మెష్ కిట్లలో చాలావాటికి ఇలాంటి సెట్టింగులే బయటికి కనిపించవు. ఫోన్ యాప్‌లో "స్మార్ట్" అన్న ఒక్క బటన్ ఇస్తారు. అది ఏం చేస్తుందో దాన్ని తయారుచేసినవాళ్ళకే ఎరుక.

నిద్రపోయే ఫోన్లు

రద్దీ రోజుల్లోనే ఎందుకు ఎక్కువ చెడుతుంది? ఫోన్ల సంఖ్య పెరగడం ఒక్కటే కారణం కాదు. ఫోన్లు నిద్రపోవడం అసలు కారణం.

బ్యాటరీ ఆదా కోసం ఫోన్ తన వైఫై రేడియోను ఆపి ఆపి వాడుతుంది. అలా ఒక్క ఫోన్ కునుకు తీసినా, యాక్సెస్ పాయింట్ మల్టీకాస్ట్ ప్యాకెట్లన్నిటినీ పట్టి ఉంచుతుంది. మేలుకునే ఘడియ వచ్చాక అన్నిటినీ ఒక్కసారి వదులుతుంది. ఆ ఘడియ పేరు డీటిమ్. యాక్సెస్ పాయింట్ తానున్నానని చాటే బీకన్ 102.4 మిల్లీసెకన్లకు ఒకటి వస్తుంది. డీటిమ్ 3 అని పెడితే ప్రతి మూడో బీకన్‌కు, అంటే 307 మిల్లీసెకన్లకు ఒకసారి వదలడం. మేలుకుని ఎదురుచూస్తున్న టీవీ కూడా ఆ నిద్రపోయే ఫోన్ కోసం ఆగాల్సిందే.

అంతసేపు ఎన్ని ప్యాకెట్లు పోగుపడతాయి? 475లో 0.307 వంతు, 146. లైనక్స్ వైఫై డ్రైవర్ల కింద ఉండే మ్యాక్80211 పొరలో ఇలా ఆపి ఉంచే బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ ప్యాకెట్ల పరిమితి 128. మిగిలినవి అక్కడికక్కడే పోతాయి. సిగ్నల్ ఎంత బాగున్నా పోతాయి. లైనక్స్‌లో యాక్సెస్ పాయింట్‌ను నడిపే హోస్ట్ఏపీడీ మామూలుగా పెట్టే డీటిమ్ విలువ 2 కాబట్టి 97 దగ్గర ఆగుతుంది, ఒక ఛానల్‌కు ఫరవాలేదు. రెండు ఛానళ్ళు నడిస్తే 194, మళ్ళీ అదే కథ. ఇంకెవరో "ఫోన్ బ్యాటరీ ఎక్కువ వస్తుంది" అని 3కు మార్చి ఉంటే ఒక్క ఛానల్‌కే బొమ్మ చెడుతుంది. టీవీల యాక్సెస్ పాయింట్‌కు డీటిమ్ 1 పెట్టడమే సరి. అంతకంటే మంచిది, ఫోన్లను అసలు ఆ ఎస్ఎస్ఐడీలోకి (ఆ వైఫై పేరులోకి) రానివ్వకపోవడం.

యాత్రికుల ఎస్ఎస్ఐడీ, టీవీల ఎస్ఎస్ఐడీ వేరే పేర్లతో ఉన్నాయి కదా అంటారు. పేర్లు వేరైనా లోపల ఒకే బ్రిడ్జ్‌లో (అన్ని దారులనూ కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్‌లో) కలిసి ఉంటే, టీవీల వీడియో యాత్రికుల ఎస్ఎస్ఐడీ మీద కూడా కురుస్తుంది, అదే రేడియోలో రెండోసారి ఎయిర్‌టైమ్ తింటూ. వీల్యాన్‌లు (లోపలి వేర్వేరు నెట్‌వర్క్‌లు) విడదీయకుండా పేర్లు మాత్రమే విడదీస్తే భారం రెట్టింపు అవుతుంది, సగం కాదు. ఎదురు దిశలోనూ ఇంతే. గదుల్లో ఉన్న వంద ఫోన్లూ ప్రింటర్ ఉందా, టీవీ ఉందా అంటూ 224.0.0.251, 239.255.255.250 అనే మల్టీకాస్ట్ అడ్రసులకు పిలుస్తూ ఉంటాయి. ఆ కేకలూ మెష్ అంతా తిరుగుతాయి. యాత్రికుల వైపు, ఒక ఫోన్ మాట ఇంకో ఫోన్‌కు చేరనివ్వని క్లయింట్ ఐసొలేషన్ పెట్టాలి. అయితే మల్టీకాస్ట్ మొత్తాన్ని కళ్ళు మూసుకుని ఫైర్‌వాల్‌లో కొట్టేయకూడదు. ఐపీవీ6లో పొరుగు యంత్రాన్ని కనుక్కోవడం, రూటర్ ప్రకటనలు అన్నీ మల్టీకాస్ట్ మీదే నడుస్తాయి. అది ఆపేస్తే రేపు ఇంకో ఫిర్యాదు వస్తుంది.

అడిగేవాడు లేని నెట్‌వర్క్

ఏ టీవీకి ఏ ఛానల్ కావాలో స్విచ్‌లు, నోడ్‌లు ఎలా తెలుసుకుంటాయి? ఐజీఎంపీ అనే ప్రోటోకాల్ ద్వారా. "ఈ గ్రూపు నాకు కావాలి" అని టీవీ చెబుతుంది. మధ్యలో స్విచ్ ఆ మాట పొంచి విని, ఆ వైపుకే వీడియో పంపుతుంది. దీన్నే స్నూపింగ్ అంటారు. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4541 దీని నియమాలు చెబుతుంది. ఇందులో తరచూ మరిచిపోయే భాగం క్వెరియర్. "ఇంకా ఎవరికి ఏం కావాలి?" అని ఒకరు అప్పుడప్పుడూ అడుగుతుండాలి, అప్పుడే టీవీలు మళ్ళీ మళ్ళీ చెబుతాయి. వాడుకలో ఉన్న గడువు 125 సెకన్లకు ఒకసారి. రెండుసార్ల గడువు, దానిపైన 10 సెకన్లు, మొత్తం 260 సెకన్లలో బదులు వినకపోతే ఆ వైపు ఎవరికీ అక్కర్లేదని స్విచ్ తీర్మానిస్తుంది.

పెద్ద నెట్‌వర్క్‌లో మల్టీకాస్ట్ రూటర్ ఆ అడిగే పని చేస్తుంది. లాడ్జిలో అలాంటిది ఉండదు. డిష్ నుంచి ఐపీకి మార్చే పెట్టె అడగదు, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్ అడగదు. అప్పుడు రెండు రకాల చిక్కులు వస్తాయి, రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. అందుకే మూలం ఒకటేనని చాలామంది పట్టుకోలేరు.

స్నూపింగ్ చేసే మేనేజ్డ్ స్విచ్ మధ్యలో ఉంటే, ఛానల్ పెట్టగానే బొమ్మ అద్భుతంగా వస్తుంది. సరిగ్గా నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల ప్రాంతంలో ఆగిపోతుంది. ఛానల్ మార్చి మళ్ళీ పెడితే వస్తుంది, మళ్ళీ అంతసేపే. ఈ లక్షణం చూస్తే ఇక దేనికోసమూ వెతకనవసరం లేదు, క్వెరియర్ లేదు. లైనక్స్ బ్రిడ్జ్ ఉన్న నోడ్‌లు మాత్రం వేరే దారి పడతాయి. క్వెరియర్ కనబడకపోతే స్నూపింగ్ పట్టికను నమ్మకుండా వీడియోను అన్ని వైపులకూ వదిలేస్తాయి. ఇక్కడ బొమ్మ ఆగదు. మెష్ అంతా బరువెక్కి, అన్నీ నెమ్మదిస్తాయి. బ్యాట్‌మ్యాన్ విషయంలో "తెలిస్తే" అని ఆగిన మాట ఇదే. బ్రిడ్జ్ వెనక ఎవరున్నారో దానికి తెలియాలంటే ఎవరో ఒకరు అడుగుతుండాలి. క్వెరియర్ లేకపోతే ఆ తెలివంతా పక్కనపెట్టి మళ్ళీ వరద బాటే పడుతుంది. లైనక్స్ బ్రిడ్జ్‌లో స్నూపింగ్ పుట్టుకతోనే ఆన్‌లో, క్వెరియర్ ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఒక్కచోట, వీడియో పుట్టే పెట్టెకు దగ్గర్లో ఉన్న నోడ్‌లోనో స్విచ్‌లోనో ఆన్ చేస్తే చాలు.

ఆన్ చేశాక కూడా ఒక సంగతి ఉంది. ఆ అడిగే ప్రశ్న కూడా మల్టీకాస్టే. గాలిలో పోతే పోయినట్టే, రెండో ప్రయత్నం లేదు. వరసగా రెండు ప్రశ్నలు పోతే పై అంతస్తు టీవీ పట్టికలోంచి జారిపోతుంది. మెష్‌లో అయితే గడువును 125 నుంచి 30 సెకన్ల దాకా తగ్గించి, ఐజీఎంపీలో ప్యాకెట్లు పోవడాన్ని ఎంత ఓర్చుకోవాలో చెప్పే రోబస్ట్‌నెస్ అనే విలువను 2 నుంచి 3కు పెంచడం నాకు నచ్చిన పద్ధతి. దానివల్ల పెరిగే భారం లెక్కలోకి రాదు.

గ్రూపు అడ్రసు ఎంపికలోనూ ఒక ఉచ్చు ఉంది. సులువుగా గుర్తుంటుందని మొదటి ఛానల్‌కు 239.0.0.1 పెట్టేస్తుంటారు. ఐపీ అడ్రసు ఈథర్నెట్ అడ్రసుగా మారేటప్పుడు చివరి 23 బిట్లే మిగులుతాయి. కాబట్టి 32 వేర్వేరు గ్రూపులు ఒకే ఈథర్నెట్ అడ్రసులో పడతాయి. 239.0.0.1 వెళ్ళి 224.0.0.1తో కలుస్తుంది. అది అన్ని యంత్రాలకూ ఉద్దేశించిన అడ్రసు. దాన్ని స్విచ్‌లు వడకట్టకూడదు. ఈథర్నెట్ అడ్రసును మాత్రమే చూసే స్విచ్ మీ వీడియోను కూడా అందరి మీదా పోస్తుంది. 239.10.20.1 లాంటిది పెడితే ఈ గొడవ ఉండదు. మార్చడానికి రెండు నిమిషాల పని.

ఎలా వెతకాలి

సెట్టింగులు ఒకదాని తర్వాత ఒకటి మార్చుతూ పోతే ఏది పనిచేసిందో తెలియదు. ముందు కొలవాలి. నెట్‌వర్క్‌ను కొలిచే ఐపర్ఫ్ పనిముట్టు రెండో తరం మల్టీకాస్ట్ పంపగలదు, మూడో తరంలో ఆ సౌకర్యం లేదు కాబట్టి కొత్తదే మంచిదనుకుని దాన్ని పట్టుకోకండి. పంపేటప్పుడు టీటీఎల్‌ను 1 నుంచి పెంచాలి. లేకపోతే మధ్యలో రూటింగ్ ఉన్న చోట ఒక్క ప్యాకెట్ కూడా దాటదు. అది నెమ్మది అనిపించదు, అసలు రావడమే ఉండదు.

మొదట కేబుల్ మీద, వీడియో పెట్టె ఉన్న స్విచ్‌కే ల్యాప్‌టాప్ తగిలించి చూడాలి. అక్కడే నష్టం కనిపిస్తే వైఫైని తిట్టి లాభం లేదు. అక్కడ శుభ్రంగా ఉంటే మొదటి నోడ్ దగ్గర వైఫైలో, తర్వాత ఒక అంచె పైన, తర్వాత ఇంకో అంచె పైన. మొదటి నోడ్ దగ్గరే నష్టం పెద్దదైతే కనిష్ఠ వేగం, డీటిమ్ వైపు చూడాలి. అంతస్తు పెరిగే కొద్దీ నష్టం పెరుగుతూ పోతే అది మెష్‌లో నోడ్ నుంచి నోడ్‌కు మోసే దారి సంగతి. యూనికాస్ట్‌లో కూడా అంతే నష్టం ఉంటే మల్టీకాస్ట్‌ను వదిలి ముందు నోడ్‌ల స్థానాలు మార్చాలి. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు వెనకో, లిఫ్టు గది పక్కనో తగిలించిన నోడ్‌ను ఏ సెట్టింగూ కాపాడదు.

ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌లో మానిటర్ మోడ్ (గాలిలో పోయేవన్నీ వినే తీరు) పెట్టి ఒక్క నిమిషం పట్టుకుంటే మల్టీకాస్ట్ ఫ్రేములు ఏ వేగంలో వెళ్తున్నాయో ప్రతి ఫ్రేము పక్కనే కనిపిస్తుంది. 1.0 అనో 6.0 అనో ఉంటే మిగతా పరిశోధన తర్వాత చేయవచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లైనక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న నోడ్‌లో ఐడబ్ల్యూ పనిముట్టుతో ఛానల్ సర్వే తీస్తే, రేడియో ఎంతసేపు ఆ ఛానల్‌లో ఉంది, అందులో ఎంతసేపు ఛానల్ బిజీగా ఉంది అన్న రెండు అంకెలూ వస్తాయి. నేను ముందు చూసేది ఆ రెండే. వీడియో ఆపి ఒకసారి, నడిపి ఒకసారి తీస్తే, ఆ టీవీ ఛానల్‌కు ఎంత ఎయిర్‌టైమ్ పోతోందో ఊహాగానాలు లేకుండా తెలుస్తుంది. పగలు పదకొండింటికి కాదు, గదులు నిండిన రాత్రి తొమ్మిదింటికి తీయాలి.

ఏం చేయాలి

2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 2, 5.5, 11 వేగాలను తీసేయడం వల్ల ఇప్పుడు నష్టపోయేవాళ్ళు దాదాపు లేరు. 5 గిగాహెర్ట్జ్‌లో కనిష్ఠాన్ని 12కో 24కో పెంచవచ్చు. పెంచిన కొద్దీ అంచున ఉన్న టీవీకి అందడం తగ్గుతుంది కాబట్టి ఒక్కో మెట్టూ ఎక్కి చూడాలి. మెష్ లింకుకు వేరే రేడియో, వేరే ఛానల్ ఇవ్వాలి. 2018లో మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేని జాగా బాగా పెరిగింది కాబట్టి ఛానళ్ళకు కొరత లేదు.

చివరి అంచెలో మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చడం అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది. యాక్సెస్ పాయింట్ ప్రతి టీవీకీ విడిగా ఒక కాపీ పంపుతుంది. బదులూ ఉంటుంది, పునఃప్రయత్నమూ ఉంటుంది, పూర్తి వేగమూ ఉంటుంది, డీటిమ్ నిరీక్షణ పోతుంది. అందరికీ విడివిడిగా పంపితే ఖర్చు పెరగదా అనే సందేహం న్యాయమైనదే. 300 ఎంబీపీఎస్ లింకు మీద ఒక ప్యాకెట్‌కు అన్నీ కలుపుకుని 0.06 మిల్లీసెకను వేసుకుందాం. అంతస్తుకు ఎనిమిది టీవీలు. 475 ప్యాకెట్లకు 228 మిల్లీసెకన్లు. 6 ఎంబీపీఎస్ మల్టీకాస్ట్‌కు 950 అయింది, 24కు 280. అంటే 6తో పోలిస్తే ముప్పై టీవీల దాకా, 24తో పోలిస్తే పది టీవీల దాకా యూనికాస్టే చవక. కల్యాణ మండపం హాలులో వందమంది ఫోన్లకు ఒకేసారి పంపాలంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. మల్టీకాస్ట్‌లోనే బదులు, పునఃప్రయత్నం తెచ్చే పద్ధతిని 2012లో 802.11ఏఏ పేరుతో ప్రమాణంగా రాశారు కానీ, కొట్లో దొరికే రూటర్లలో అది కనిపించడం అరుదు.

ఇంత చెప్పాక, లాడ్జి యజమాని అడిగితే నేనిచ్చే సలహా వేరు. ఆ గోడల్లో పాత కేబుల్ టీవీ వైరు ఇప్పటికే ప్రతి గదికీ ఉంది. డిష్ దగ్గర, బొమ్మను కేబుల్ టీవీ సిగ్నల్‌గా మార్చే ఒక మాడ్యులేటర్ పెట్టి, అదే వైరు మీద ఛానళ్ళు పంపితే వైఫై అసలు మధ్యలోకే రాదు. ఎన్ని టీవీలు పెట్టినా, ఎన్ని ఫోన్లు వచ్చినా బొమ్మ మారదు. కొత్తదనం లేదని దీన్ని ఎవరూ చెప్పరు, మెష్ అమ్మేవాళ్ళు అసలు చెప్పరు. వైరు పాడైపోయిన చోట, మెట్ల పక్కన పైపులో అంతస్తుకు ఒక్క ల్యాన్ కేబుల్ లాగి నోడ్‌లకు తగిలిస్తే మెష్ అంచెలన్నీ మాయమవుతాయి. చివరి అంచె ఒక్కటే వైఫై మిగులుతుంది. నాలుగు కేబుళ్ళకు నాలుగు రంధ్రాలు. గదిగదికీ తొలవనక్కర్లేదు.

వైరు వేసే వీలే లేని చోట మెష్‌లో మల్టీకాస్ట్ పనికిరాదని మాత్రం అనుకోకండి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలా వీధుల్లో జరిగే వేడుకకు తాత్కాలికంగా స్పీకర్లు పెట్టాలనుకుందాం. అక్కడ పోయేది మాట మాత్రమే. 64 కేబీపీఎస్ ఆడియో అంటే సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోటీ హెడర్లతో కలిపి 250 బైట్లు. 24 ఎంబీపీఎస్ వేగంలో ఒక్కో ప్యాకెట్‌కు 0.2 మిల్లీసెకను, సెకనుకు 10. నాలుగు నోడ్‌లు మూడేసి సార్లు పలికినా 120 మిల్లీసెకన్లు దాటదు. దూరం కోసం 6 ఎంబీపీఎస్‌కు దించినా 280 లోపే. వీడియోను ముంచేసిన ఆ మూడుసార్ల పునరావృతం ఇక్కడ మాట తెగకుండా కాపాడుతుంది. స్పీకర్ దగ్గరి చిన్న కంప్యూటర్‌లో 200 మిల్లీసెకన్ల బఫర్ పెట్టి, అన్ని స్పీకర్లకూ ఆ విలువ ఒకటే ఉండేలా చూసుకుంటే చాలు. లేకపోతే వీధి ఈ చివరి మాట ఆ చివర ప్రతిధ్వనిలా వినిపిస్తుంది.